రాయిని మరిచిన చెయ్యి

కొమ్మలు నరికే వంకర ముక్కు పెద్ద కత్తిని కోలారు పక్క పల్లెల్లో మచ్చు అంటారు. చింతకొమ్మ కొట్టాలన్నా, గట్టు మీద జాలి అనే తుమ్మకంప నరకాలన్నా అదే కావాలి. అలాంటి మచ్చు ఒకటి శుక్రవారం పొద్దున గోనెగుడ్డలో చుట్టుకొని గని కూలీల ఇళ్ళ వరసలైన కోరమండల్ లైన్లలోని సొన్నమ్మ ఇంటికి తిరిగొచ్చింది.

తెచ్చినవాడు బచ్చప్ప, సొన్నమ్మకు చిన్నాయన కొడుకు. గుడ్డ విప్పి మచ్చును వాకిట్లో నేలమీద పెట్టాడు. ఇనుమును చేతినుంచి చేతికి ఇచ్చుకుంటే ఎడబాటు వస్తుందని వాళ్ళ పెద్దలు చెప్పేవాళ్ళు. అట్లా పెట్టడం చూసి సొన్నమ్మ మనసు కాస్త కుదుటపడింది. మచ్చు అంచు చూశాక మళ్ళీ చెదిరింది.

"ఏం బావా, నువ్వు కొట్టింది మచ్చా, మా అవ్వ నోరా? ముందర పండ్లే లేవు," అన్నాడు బచ్చప్ప.

సొన్నమ్మ మొగుడు ఎల్లప్ప వంగి దాన్ని తీసుకున్నాడు. అంచు మూడు చోట్ల పెచ్చులుగా ఊడిపోయి ఉంది. విరిగినచోట ఇనుము చక్కెర పలుకుల్లా మెరుస్తోంది.

"దేని మీద కొట్టినావు?"

"దేని మీద కొడతా, బండ మీదనా? ఎండిన చింతకొమ్మ. నడాన ముడి ఉండె, అంతే. కత్తి మెలి తిరిగింది, టక్కుమనింది. బాధపడొద్దు బావా, నాకేమీ కాలేదు."

ఎల్లప్ప మచ్చు పట్టుకొని పెరట్లో కొలిమి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

బంగారు గనులు మూసేసి ఏడాది దాటింది. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఎల్లప్పది గని కొలిమిలోనే పని. రాయిని తొలిచే ఉక్కు కడ్డీలు మొండిబారి పైకి వచ్చేవి. వాటి మూతి కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి మళ్ళీ రాయిమీదికి పంపేవాడు. గని పోయాక పెరట్లో రైలుపట్టా ముక్కను ఇనుము పెట్టి కొట్టే దాయిగా పాతి, చేత్తో తిప్పే గాలిచక్రం ఒకటి పెట్టుకొని చిన్న కొలిమి వేసుకున్నాడు. కానీ లైన్లలో కొడవళ్ళు ఎవరికి కావాలి? పొద్దున లేస్తే ఊరంతా బెంగళూరు రైలెక్కిపోయేది. ఎక్కలేనివాళ్ళు ఇళ్ళకు తాళాలు వేసి పిల్లల దగ్గరికి పోతున్నారు. పక్కింటి మునిశామప్ప, గని కొలిమిలో ఎల్లప్పకు ఎదురుగా నిలబడి సమ్మెట కొట్టినవాడు, మొన్న దసరాకు ముందే వెళ్ళిపోయాడు. ఎవరు వెళ్ళినా మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా సొన్నమ్మ వాకిట్లో నిలబడేది. ఆ తర్వాత రోజంతా ఏ పనీ ముట్టేది కాదు.

ఇప్పుడు ఎల్లప్ప వంతు వచ్చేటట్టుంది. మాలూరులో ఇటుకల బట్టీ ఆయన కాపలాకు మనిషి కావాలన్నాడు. బట్టీ దగ్గరే షెడ్డులో పడుకోవాలి, ఎప్పుడో ఒకసారి ఇంటికి రావచ్చు. సోమవారం వచ్చి చేరమన్నాడు.

దానికి అడ్డం పడింది బచ్చప్పే. "మా ఊర్లో ఇప్పుడు కమ్మరి లేడు బావా. కోలారు అంగడి కత్తులు వంకాయ కోసేదానికి గూడా పనికిరావు. నువ్వొక మంచి మచ్చు కొట్టి చూపించు. ఊరంతా ఒప్పిస్తా. అక్కా నువ్వూ వచ్చి ఆడే ఉండండి. ఇంటింటికీ ఇన్ని రాగులు కొలుస్తారు," అని లారీ కింద ఉండే ఉక్కుపట్టా ఒకటి మోసుకొచ్చి ఇచ్చాడు. ఆ పట్టాలో సగంతో, బచ్చప్పే సమ్మెట కొట్టగా తయారైనది ఈ పండ్లూడిన మచ్చు.

బచ్చప్ప వెళ్ళిపోయాక ఎల్లప్ప అన్నాడు: "ఇనుము మంచిదే. నా చెయ్యే అయిపాయ. ఆ రెండు చొక్కాలు ఉతికి పెట్టు. సోమవారం మాలూరికి పోతాను."

సొన్నమ్మ చొక్కాలు ఉతికింది. ఉతికి, పిండకుండా, ఎండ తగలని గోడపక్క ఆరేసింది. తడిచొక్కాతో ఎవరూ ప్రయాణం కట్టరు కదా అని ఆమె లెక్క. ఎల్లప్ప సాయంత్రం వాటిని తాకి చూశాడు, ఆమెను చూశాడు.

శనివారం పొద్దున అతను లేచేసరికి పెరట్లో పొగ వస్తోంది. సొన్నమ్మ కొంగు నడుముకు చుట్టి గాలిచక్రం తిప్పుతోంది. మిగిలిన సగం పట్టా నిప్పుల్లో ఉంది.

"ఏం చేస్తా ఉండావే?"

"సగం పట్టా మిగిలుండాది గదా. బచ్చప్పకు పట్టా అన్నా తిరిగియ్యల్ల, మచ్చు అన్నా ఇయ్యల్ల."

"సమ్మెట ఎవురు కొడతారు? మునిశామప్పను పిలిపిస్తావా?"

"నేను కొడతా."

ఎల్లప్ప నవ్వాడు. "నువ్వా! బొద్దింకను కొట్టేదానికే నన్ను పిలుస్తావు."

"మా అమ్మ కొట్టలేదా? కమ్మరోని కడుపున పుట్టినదాన్ని. కంపెనీవాణ్ణి కట్టుకున్నావు, ఇంగ నీకు మసి అంటదు అని మా నాయిన పంపిస్తే వచ్చినా. ఇప్పుడు కంపెనీ యాడుండాది?"

ఎల్లప్ప పట్టకారు అందుకున్నాడు.

ఎర్రగా కాలిన పట్టాను దాయిమీద పెట్టి, చిన్న సుత్తితో ఒకచోట తట్టాడు. అతను తట్టినచోటే ఆమె సమ్మెట పడాలి. మొదటి దెబ్బ పట్టాను వదిలేసి దాయిని మోగించింది. లైన్లలో కుక్కలన్నీ మొరిగాయి.

"రైలుపట్టా మీద నీకేం కోపమే? అది గమ్మున పడుంటే!"

"మాట్లాడించొద్దు. మళ్ళా చూపించు."

రెండోది అంచున పడింది. మూడోది చోటున పడింది. తర్వాత అతను తట్టడం, ఆమె కొట్టడం, ఒకరి ఊపిరి ఒకరికి వినబడుతూ వరస కుదిరింది. "భుజంతో కాదు, నడుముతో," అనేవాడు. "చాలు, చాలు తల్లీ, ఊపిరి తీసుకో," అనేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో అతను పనిచేస్తుండగా ఆమె చూడడం అదే మొదలు. గని కొలిమిలో ఏం చేస్తాడో తెలియక, పని ముగిసిన కూత వినబడేదాకా ఇంట్లో కూర్చొని భయపడడమే ఆమె ఎరుగును. కింది పెదవి పళ్ళ మధ్య పట్టి, చిన్నపిల్లవాడు అక్షరం దిద్దుతున్నట్టు మచ్చు ముక్కు వంచుతున్న ఆ మనిషిని చూస్తే ఆమెకు కళ్ళు చెమర్చాయి. పొగ అని చెప్పి తుడుచుకుంది.

మధ్యాహ్నానికి మచ్చు ఆకారానికి వచ్చింది. మోచేతి పొడవు, ముందు బరువు, వెన్ను లావు. ఇంక మిగిలింది పదును నిలిచేటట్టు నీళ్ళు చూపించడం. ఎల్లప్ప దాన్ని మళ్ళీ కాల్చి, వెన్ను పైకి ఉంచి అంచు మాత్రం బకెట్లో ముంచాడు. సుయ్యిమంది. పైకి తీసి, రాతిముక్కతో అంచు మీద మసి గీకాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచువైపు దిగుతోంది. తెల్లటి అంచు ఎండుగడ్డి రంగుకు తిరిగింది. అతని చెయ్యి అప్పుడే బకెట్ వైపు పోతోంది.

"అదేందయ్యా అంత తొందర? మా నాయిన అయితే ఈ సందులో ఆకూ వక్కా వేసుకుంటా ఉండె," అంది సొన్నమ్మ, మెడ తుడుచుకుంటూ, ఏదో గుర్తొచ్చి.

ఎల్లప్ప చెయ్యి ఆగింది. "ఏ సందులో?"

"అదే, ఒక తూరి ముంచి తీసినాక. ఆకుకు సున్నం రాసి, మడిచి నోట్లో పెట్టుకొని, అమ్మతో ఏదో ఒకటి మాట్లాడి, ఆ పొద్దుకు మళ్ళా ముంచుతా ఉండె. అమ్మ తిడతా ఉండె, నీ ఆకు అయ్యేలోగా ఇనుము సల్లారిపోతుంది అని."

ఎల్లప్ప నోరు తెరుచుకొని ఆమెను చూశాడు. "ఓరి దేవుడా! సొన్నీ, నేను దీన్ని రాయికి పంపిస్తా ఉండానే!"

"రాయికా?"

"గడ్డిరంగు రాయికి. రాయిని తొలిచేదానికి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. కట్టె అట్లా కాదు. కొమ్మ మెలి తిరిగితే కత్తి కొంచెం లొంగల్ల. ఇంకా రంగు తిరగనియ్యల్ల. తెలిసీ, చెయ్యి ఆగలా. ఆ రోజూ ఇట్లే ముంచేసినా."

చెబుతుండగానే అంచు ముదురు పసుపుకు తిరిగింది. అతని చెయ్యి దానంతట అదే కిందికి జారింది. ముప్పై ఏళ్ళు అక్కడే ముంచిన చెయ్యి అది.

"పట్టుకోవే! నా మణికట్టు పట్టుకో, గట్టిగా!"

సొన్నమ్మ రెండు చేతులా పట్టుకుంది. ఆ నరాలు బకెట్ వైపు లాగుతున్నట్టు ఆమె వేళ్ళకు తెలుస్తూనే ఉంది. పసుపు గోధుమరంగు అయింది.

"ఇప్పుడా?"

"ఉండు."

గోధుమరంగులోకి ఎరుపు దిగింది. సొన్నమ్మ పట్టు ఇంకా బిగించింది. ఆలస్యం చేసినందుకే బ్రతుకులో అన్నీ చెయ్యిజారిపోయాయని ఆమె నమ్మకం. ఇప్పుడేమో ఆలస్యమే చెయ్యాలి.

"ఇప్పుడన్నా?"

"ఇంకొంచెం... ఇంకొంచెం..." ముక్కు దగ్గర వంకాయరంగు వచ్చింది. అది అంచు పొడవునా పాకింది. "వదులు!"

ఆమె వదల్లేదు.

"వదలవే తల్లీ, పోతుంది!"

అప్పుడు ఉలిక్కిపడి వదిలేసింది. మచ్చు నీళ్ళలోకి దిగింది. ఇద్దరూ బకెట్ పక్కనే నేలమీద చతికిలబడ్డారు. ఆమె వేళ్ళ గుర్తులు అతని మణికట్టు మీద మసితో సహా పడ్డాయి.

ఆదివారం చింతకట్టె పిడి తొడిగి, బచ్చప్పకు కబురు చేశారు. బచ్చప్ప వచ్చి, ఇంటివెనక ఎండిన జాలి మొద్దు ఒకటి చూసుకున్నాడు. దాని ముళ్ళూ ముడులూ చూసి సొన్నమ్మ, "మెత్తది చూసుకోరాదా రా," అంది.

"మెత్తదానికి నా పండ్లు చాలవా అక్కా?" అని బచ్చప్ప బలమంతా పెట్టి ముడిమీదే కొట్టాడు. మచ్చు సగందాకా దిగి ఇరుక్కుంది. అటూ ఇటూ మెలితిప్పి లాగాడు. సొన్నమ్మ కళ్ళు మూసుకుంది. టక్కుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించింది. రాలేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. చివరికి మొద్దు రెండుగా విడిపోయింది. బచ్చప్ప అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూశాడు, ఒళ్ళంతా చెమటతో.

"బావా, ఊరోళ్ళకు నేను చెప్పేది ఇంగ ఏమీ లేదు. దీన్నే చూపిస్తా. బండి ఎప్పుడు తోలుకొని రావల్ల?"

"నన్నొక్కణ్ణేనా?" అన్నాడు ఎల్లప్ప, కావాలనే.

"నిన్నొక్కణ్ణి ఏం చేసుకొనేది? సమ్మెట కొట్టేది మా అక్క గదా!"

సొన్నమ్మ నవ్వబోయి, వరసగా తాళాలు పడిన లైన్ల వైపు చూసింది. ఈ తూరి తమ తలుపుకూ తాళం పడుతుంది. వాకిట్లో నిలబడి చూసేవాళ్ళు కూడా పెద్దగా మిగల్లేదు. అయినా ఆమె లోపలికి పోయి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. భుజం మాత్రం పైకి లేవలేదు. ఆ సాయంత్రం ఎల్లప్ప ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెడుతూ అన్నాడు:

"రేపు మాలూరికి పోయి, నేను రానని ఆయనకు చెప్పేసి వస్తాను. మాటిచ్చి గమ్మునుంటే బాగుండదు. సాయంత్రం రైలుకు ఇంట్లో ఉంటా."

"నేనూ వస్తా."

"రాను అని చెప్పేదానికి ఇద్దరెందుకే?"

"ఊరికే."

సోమవారం పొద్దున రైల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. ఎల్లప్పకు తలుపు దగ్గర నిలబడే చోటు దొరికింది. ఒకావిడ జరిగి సొన్నమ్మకు కూర్చోను చోటిచ్చింది, "యాడికమ్మా, పనికా?" అని అడిగింది. "లేదమ్మా, మా ఆయన ఒకమాట చెప్పి రావల్లంట," అంది సొన్నమ్మ. స్టేషన్ స్టేషనుకూ తల పైకెత్తి, జనం సందుల్లోంచి అతని వీపు కనబడుతోందా లేదా అని చూసుకుంటూ కూర్చుంది.