ఇంజను లేని ఎర్ర బండి

చలికాలం వచ్చిందంటే, ఫైరింజన్ ఎవరింటి ముందు ఆగిందో కనుక్కోవడంతోనే హిల్మాకు తెల్లారుతుంది.

అమెరికా ఉత్తరాన సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ చిన్న ఊళ్ళో అందరివీ కట్టెల పొయ్యిలే. ఫైరింజన్ అంటే ఆ పాత ఎర్ర బండే, దానికి ఇంజను తీసేసి ఏళ్ళయింది. అయినా ఏ ఇంటికి నిప్పు ముప్పు ఉంటే ఆ ఇంటి ముందుకు తెల్లారేసరికి వచ్చి నిలబడుతుంది. ఇంటివాళ్ళు విసుక్కుంటూ దాని చుట్టూ మంచు ఎత్తిపోసి, ఊళ్ళో నిప్పు జాగ్రత్తలు చూసే హిల్మాకు ఫోన్ చేస్తారు. ఆవిడ వెళ్ళి పొగగొట్టంలో మసి చూసి, పొగ వస్తే మోగే అలారం నొక్కి చూసి, తప్పు సరిచేయిస్తుంది. అప్పుడుగానీ బండి కదలదు. తర్వాత అదే ఊరి రేనో తన ట్రాక్టరుతో దాన్ని షెడ్డుకి లాక్కెళ్తాడు.

ఆ రోజు అది రేనో ఇంటి ముందే ఉంది.

"మళ్ళీ మా ఇల్లేనా? దీనికి వేరే కొంపలు కనబడవా?" అన్నాడు రేనో.

"అలారంలో బ్యాటరీ ఏదీ?" అంది హిల్మా.

"రేడియోలో వేశా. హాకీ ఆట వస్తోంది."

"ఇల్లు కాలి చస్తే ఆట ఏం వింటావు?"

"మనవాళ్ళ ఆట వినేకంటే అదే నయం."

"చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది హిల్మా. కాస్త కాఫీ తాగి వెళ్ళు," అంది రేనో భార్య లెంపి.

కూర్చుంటే మళ్ళీ లేవలేనని హిల్మా నిలబడే తాగింది. ఈ పని ఇంకెవరైనా తీసుకోండని అడిగితే ఊళ్ళో అందరూ తమ బూట్ల వంక చూసుకుంటారు.

మర్నాడు బండి హిల్మా ఇంటి ముందే ఉంది.

ఆవిడ పొగగొట్టం చూసింది, శుభ్రంగా ఉంది. అలారం నొక్కింది, చెవులు గింగిర్లెత్తాయి. దారి తప్పి వచ్చిందేమోలే అనుకుని రేనోని పిలిచింది. ట్రాక్టరు చక్రాలు మంచులో గిరగిరా తిరిగాయేగానీ బండి కదల్లేదు. రేనో ఆవిడ ఇంటి చుట్టూ తిరిగి వెనక వరండాలో ఆగిపోయాడు.

"హిల్మా, ఈ అట్టపెట్టె ఏంటి?"

మెట్ల మీద జారకుండా చల్లుకోవడానికి అక్కడ అందరూ పొయ్యిలోంచి తీసిన బూడిద దాచుకుంటారు. మూతున్న రేకు బకెట్లో పోసి, ఇంటికి దూరంగా పెట్టమని ఊరందరికీ చెప్పింది హిల్మాయే.

"బకెట్ దాకా నడిచే ఓపిక లేక... మొన్నటిదిలే, చల్లారిపోయుంటుంది."

రేనో పుల్లతో కెలికాడు. లోపల నిప్పు ఎర్రగా కళ్ళు తెరిచింది. పెట్టె అడుగు మాడిపోయి, కింద చెక్క నల్లబడి ఉంది. పెట్టెను కాలితో మంచులోకి తోసేశాడు. చుయ్‌మని ఆవిరి లేచింది.

ఎన్నేళ్ళుగా తిట్లు తిన్నాడో, ఇప్పుడు బదులు తీర్చుకుంటాడనుకుని హిల్మా తల దించుకుంది.

"నేనే ఇలా చేస్తే ఇంకెవరు వింటారు రేనో?"

"నువ్వు కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అన్నాడతను.

ఆవిడకు గుర్తు రాలేదు. బండి మెల్లగా కదిలింది.

తెల్లారి చూస్తే మళ్ళీ రేనో వాకిట్లోనే. ఇల్లంతా గాలించినా ఏ లోపమూ లేదు. ట్రాక్టరు కట్టినా కదల్లేదు. డ్రైవరు వైపు తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. లెంపి కాసేపు దాని వంక చూసి, లోపల్నించి భర్త కోటు తెచ్చింది.

"ఇది మన ఇంటి కోసం రాలేదయ్యా. హిల్మా పని అప్పజెప్పడానికి నీ కోసం వచ్చింది. ఎక్కు, చెవులు కప్పుకో."

రేనో గొణుక్కుంటూ ఎక్కాడు.

ఆ పొద్దున హిల్మా ఇంట్లో ఫోన్ మోగలేదు. ఎండ మంచం మీదికి వచ్చినప్పుడు ఆవిడ దుప్పటి మొహం మీదికి లాక్కుని, అటు తిరిగి పడుకుంది.