బంట్లను పారేసుకునే ఆట

ఆదివారం పొద్దున మెంతికూర ఏరడానికి కూర్చుంది సంహిత. చేతులు కూరలో ఉన్నాయి గానీ బుర్ర లాప్‌టాప్‌లో ఉంది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలోని ఆ ఇంట్లో కోడలి చేతులు ఆడుతుంటే చాలు, బుర్ర సంగతి ఎవరికీ పట్టదు.

ఆమె రాసిన చదరంగం ప్రోగ్రాం నిన్న మామగారు సదాశివ చేతిలో చిత్తుగా ఓడింది. ఓడితే ఓడింది, ఓడిన తీరే ఆమెకు మింగుడు పడలేదు.

"ఇదేందమ్మా, మంత్రి ఎట్లాగూ చిక్కింది. బంట్లనెందుకు ఊకె పారేస్కుంటుంది?" అన్నాడాయన.

ఆయనకు బోర్డు చూడగానే తెలిసిపోతుంది. యంత్రానికి అలా తెలియదు, దానికి ఉన్నదల్లా లెక్కే. 'ఇక్కడ ప్రమాదముంది' అనే ఒక్క మాటను అంకెల్లోకి దించడానికి వంటకూ ఉతుకుకూ మధ్య దొరికిన సందుల్లో ఏడాదిగా తంటాలు పడుతోంది సంహిత.

సాయంత్రం ఆబిడ్స్‌లోని చెస్ అకాడమీలో ఆ ప్రోగ్రాం చూపించాలి. చూపించేది మాత్రం భర్త శశికిరణ్. "గాడ అంతా మగోళ్లే ఉంటరు, నువ్వేం మాట్లాడ్తవ్? నా పేరు మీద చూపిస్త. మా మిసెస్ గూడ హెల్ప్ చేసిందని ఒక మాట చెప్తలే," అన్నాడు. ఇంట్లో గొడవెందుకని సరేనంది.

గొడవెందుకన్న మాట మీదే ఆమె కాపురం నడుస్తోంది. అత్తగారు విమల మోకాలి ఆపరేషన్‌కు "ఒక్క ఆర్నెల్లే గదా" అని అతనంటే ఉద్యోగం మానేసింది. మళ్లీ చేరింది లేదు. "నీ టేబుల్ ఫ్రిజ్‌కు అడ్డమొస్తుంది" అంటే టేబుల్ తీసేసి మంచం మీద కూర్చుని రాసుకుంది. "ఎవరితో గా ముచ్చట్లు?" అంటే స్నేహితురాలు రశ్మికి ఫోన్లు మానుకుంది. ఇచ్చిన ప్రతిసారీ ఇల్లు కొన్నాళ్లు చల్లబడేది. అమ్మయ్య, గండం గడిచిందనుకునేది.

మెంతి కాడ విరుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

ప్రోగ్రాంలో తప్పు దొరికింది. అది కొన్ని ఎత్తుల దాకానే చూస్తుంది. చూపు కొసన మంత్రి పోయేది కనబడగానే ఒక బంటును ఎదుటివాడి నోటికందిస్తుంది. వాడు దాన్ని తినేసరికి మంత్రి చావు చూపు అవతలికి జరుగుతుంది. కనబడడం లేదు కనుక తప్పిపోయిందనుకుంటుంది ఆ పిచ్చి యంత్రం. మళ్లీ కనబడితే మరో బంటు. లెక్క మధ్యలో ఆపకూడదు, బోర్డు మీద చంపుకోవడాలు సద్దుమణిగే దాకా చూడాలి.

దాన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు. మరి తన లెక్క? మొదటిసారి చివరిదాకా వేసింది. ఇవాళ సరేనంటే పేరు పోతుంది. ఆ తర్వాత? అకాడమీ వాళ్లు ఇంకో ప్రోగ్రాం అడుగుతారు, అదీ అతని పేరు మీదే. ఆ తర్వాత? ఇంతకూ ఇన్నేళ్లుగా ఏం కాపాడుకుందామని ఇవన్నీ ఇచ్చింది? అతనికి తనంటే గౌరవం ఉందన్న నమ్మకాన్ని. అది ఎప్పుడో పోయింది. పోయిందని చూడాల్సి వస్తుందని ఒక్కొక్కటీ ఇచ్చుకుంటూ వచ్చింది.

దుఃఖం ఆగలేదు. మెంతికూరకు కళ్లలో నీళ్లు రావని పొయ్యి దగ్గరున్న అత్తగారికి తెలుసు. అయినా ఆమె అటు తిరిగి పప్పు కలుపుకుంది.

శశికిరణ్ వంటింట్లోకి వచ్చాడు. "బగ్గు సంగతి ఏమైంది? సాయంత్రం గాడ ఇజ్జత్ పోవద్దు. మా దోస్తు శ్రీపతి వాళ్లు గూడ భోజనానికొస్తున్నరు, జర జల్ది కానీ."

"తప్పు దొరికింది. సాయంత్రం నేను పోతున్న. నా పేరు మీదనే చూపిస్త."

"ఇప్పుడిదేంది కొత్తగా? ఒక్క సాయంత్రమే గదా."

"ఒక్కటి గాదు," అంది సంహిత.

అతని ముఖం బిగుసుకుంది. "నువ్వు పోతే మనిద్దరి మధ్య మంచిగుండదు, చెప్తున్న."

ఈ మాట వినాల్సి వస్తుందనే ఆమె ఇన్నాళ్లూ భయపడింది. సగం ఏరిన మెంతికూర పళ్లెం అతని చేతుల్లో పెట్టి లాప్‌టాప్ అందుకుంది.

"అది పోయి మస్తు దినాలైందండీ. నేను ఇయ్యాల చూసిన."