రెండు ప్రారంభోత్సవాల యంత్రం

నేను ఒక రక్తం కడిగే యంత్రాన్ని. డాక్టర్లు డయాలసిస్ మిషన్ అంటారు. కిడ్నీలు పాడైన మనిషి రక్తాన్ని బయటికి తీసి, అందులోని చెడును వడకట్టి, మళ్లీ అతని ఒంట్లోకి పంపడం నా పని. ఆ పని నేను ఇంతవరకు ఒక్కసారి కూడా చేయలేదు. తర్వాత తెలిసి మీరు నొచ్చుకోకుండా ముందే చెప్పేస్తున్నాను.

నేను పుట్టింది ఒక పెద్ద ఫ్యాక్టరీలో. అక్కడ ఒక అమ్మాయి రెండు రోజుల పాటు నాలో నీళ్లు తిప్పి, ప్రతి గొట్టం తట్టి చూసి, అన్నీ బాగున్నాయని వీపున పచ్చ చీటీ అంటించింది. నాకు గర్వంగా అనిపించింది. ఇక మనుషుల్ని బతికించడమే తరువాయి అనుకుంటూ లారీ ఎక్కాను.

దిగింది సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరి సర్కారు ఆసుపత్రిలో. చుట్టూ కొబ్బరి తోటలు, జీడిపిక్కలు ఒలిచే షెడ్లు, వీధికి ముగ్గురు నలుగురు కిడ్నీ రోగులు. రోగం ఎందుకు వస్తోందో తేలుస్తామని చాలామంది వచ్చి బావుల్లోంచి సీసాలతో నీళ్లు పట్టుకుపోయారట. తిరిగొచ్చి ఫలానా అని చెప్పినవాళ్లు మాత్రం లేరు.

నేను వచ్చిన వారానికే ప్రారంభోత్సవం జరిగింది. ఎన్నికలు దగ్గర పడ్డాయి కాబట్టి అంత తొందర. నా పక్క కుర్చీలో ఒక రోగిని కూర్చోబెట్టి, చేతికి ఉత్త గొట్టాలు ప్లాస్టర్‌తో అంటించి ఫొటోలు తీశారు. అతని పేరు బైరాగి. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు. ఏడాదిగా చెట్టు ఎక్కలేక, వారానికి మూడుసార్లు బస్సులో మూడు గంటలు ప్రయాణం చేసి పట్నంలో రక్తం కడిగించుకుంటున్నాడు. నాయకుడు అతని భుజం మీద చేయి వేసి, ఇక నువ్వు బస్సు ఎక్కనక్కర్లేదు అన్నాడు. బైరాగి భార్య తవిటమ్మ జనంలో నిలబడి కళ్లు తుడుచుకుంది. ఆ మాట నేను కూడా నమ్మాను.

ఒక్క మనిషి రక్తం కడగాలంటే నాకు నూట ఇరవై లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి. బావి నీళ్లు, కుళాయి నీళ్లు పనికిరావు. దానికి వేరే ప్లాంటు పెట్టాలి. యంత్రానికి నిధులు ఒక శాఖ నుంచి, ప్లాంటుకు ఇంకో శాఖ నుంచి రావాలట. మొదటివి వచ్చాయి, రెండోవి రాలేదు. పక్క గది సూపరింటెండెంటుది, గోడ పలచన. వచ్చిన కబురూ రాని కబురూ అన్నీ నాకు వినబడతాయి.

మర్నాడే బైరాగి మళ్లీ బస్సు ఎక్కాడు. ఎన్నికలై ప్రభుత్వం మారింది. పాత శిలాఫలకం పీకి కొత్తది పెట్టి, నన్ను ఇంకోసారి ప్రారంభించారు. కుర్చీలో మళ్లీ బైరాగే. ఈసారి గొట్టాలు అంటిస్తుంటే అతనే చేయి చాపాడు, అలవాటైన పని కదా. మనుషులకు సిగ్గు ఎక్కడ మొదలవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సర్కారుతో అయ్యే పని కాదనుకుని ఊరివాళ్లే ప్లాంటు కోసం చందాలు వేసుకున్నారు. జీడి షెడ్ల ఆడవాళ్లు వారం కూలిలో కొంత ఇచ్చారు. అదంతా ఒక సహకార సంఘంలో దాచారు. ఒక సోమవారం ఆ సంఘం తలుపుకి తాళం వేసి ఉంది, బోర్డు కూడా లేదు. అదే ఏడాది ఇద్దరు మనుషులు కాగితం పట్టుకొచ్చి, బాగుచేసి తెస్తామని ఆసుపత్రిలోని ఎక్స్‌రే మిషన్‌ను వ్యాన్ ఎక్కించుకుపోయారు. ఆ కాగితం మీద సంతకం పెట్టింది స్టాఫ్ నర్సు కరుణకుమారి. పెట్టమన్నారు, పెట్టింది. ఎక్స్‌రే మిషన్ తిరిగి రాలేదు.

తర్వాత నాలుగేళ్లకు, నా మీద కప్పిన ప్లాస్టిక్ కవరు పసుపుపచ్చగా మారిపోయాక, నిజంగానే ప్లాంటుకు నిధులు మంజూరయ్యాయి. గోడకవతల ఆ మాట విన్నాను. మార్చి ముప్పై ఒకటిలోపు బిగించి పని పూర్తయినట్టు కాగితం పంపాలి, లేకపోతే నిధులు వెనక్కి పోతాయి. ఈ నిధులు ఏ ముహూర్తం చూసుకుంటాయో గానీ ఎప్పుడూ మార్చిలోనే దిగుతాయి.

ఇరవై తొమ్మిదిన ఒక ఇంజనీరు ఖాళీ వ్యాన్‌లో ఇద్దరు కూలీలతో వచ్చాడు. ప్లాంటు వెనక లారీలో వస్తోంది. గదిలో గొట్టాలు వేయాలి కాబట్టి నన్ను వరండాలోకి జరపమన్నాడు. కూలీలు కవరు తీసి, ప్లగ్గు పీకి, చక్రాల మీద గుమ్మం దాకా తోశారు. సరిగ్గా అప్పుడే బైరాగికి మాత్రల కోసం తవిటమ్మ వచ్చింది.

గుమ్మంలో నేను, వాకిట్లో ఖాళీ వ్యాను. ఆమె కేక వేసింది. క్షణాల్లో షెడ్ల నుంచి, తోటల నుంచి జనం పరిగెత్తుకొచ్చారు. ఇంజనీరు బెదిరిపోయి ఫైలు తీశాడు.

“అమ్మా, మేం పట్టుకుపోవడానికి రాలేదు. నీళ్ల ప్లాంటు బిగిస్తాం. ఇదిగో, ఆర్డరు చూడండి.”

“కాయితాలు మాకు సూపించకు బాబూ! సంఘపోల్లూ కాయితాలే సూపించినారు. ఎక్సరే మిసనుకీ కాయితవే తెచ్చినారు.”

కరుణకుమారి ముందుకొచ్చింది. “తవిటమ్మా, ఈయన నిజమే చెప్తున్నారు. నా మాట విను.”

“నీ మాటేటి ఇంతాం? ఆ దినం సంతకం ఎట్టింది నువ్వు కాదేటి?”

కరుణకుమారి గుమ్మం పక్కకి తప్పుకుంది. నేను మాత్రం ఏమనగలను? నా తెర మీద అక్షరాలు వెలుగుతాయి, అదీ కరెంటు ఉంటే. ప్లగ్గు నేల మీద పడి ఉంది. నా కోసం కొట్లాడుతున్న వాళ్లే నా నోటి దగ్గరికొచ్చిన నీళ్లను తరిమేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఎవరైనా వీధి చివరికి వెళ్లి కాసేపు ఆగితే లారీ కనబడేది. కానీ ఖాళీ వ్యాన్‌ను కళ్లారా చూసినవాళ్లు, వెనక ఇంకోటి వస్తోందంటే ఎలా నమ్ముతారు? నన్ను లోపలికి తోసి, కిటికీ ఊచలకు గొలుసేసి తాళం పెట్టారు. మూడు రోజులు వంతులవారీగా కాపలా కాశారు. లారీ కూడా నన్ను ఎత్తుకుపోవడానికే వచ్చిందనుకుని, లోపలేముందో చూడకుండానే ఊరి మొగలోనే ఆపి వెనక్కి తిప్పేశారు.

ఏప్రిల్ ఒకటిన, నేను దక్కానని ఊరంతా పండగ. నాకు పసుపు కుంకుమ పెట్టారు. బైరాగి ఊపిరి ఆడక ఆయాసపడుతూనే వచ్చి నా ఒళ్లు నిమిరాడు. “మా ఇంటిది నిన్ను కాపాడినాది,” అన్నాడు. అతని చేయి ఉబ్బిపోయి ఉంది. ఆ చేతికే రెండుసార్లు ఉత్త గొట్టాలు తగిలించారు. గోడకవతల సూపరింటెండెంటు, నిధులు వెనక్కి పోయినట్టు ఫోన్‌లో ఎవరికో చెబుతున్నాడు. ఆ ప్లాంటు వేరే జిల్లాకు ఇచ్చేశారట. కరుణకుమారి ఆయన బల్ల పక్కనే నిలబడి విన్నది.

జూన్‌లో బైరాగి పట్నం వెళ్లే బస్సులోనే పోయాడు. ఇంకో నలభై నిమిషాలు బతికుంటే ఆసుపత్రి చేరేవాడని కండక్టరు అన్నాడట.

దినాలయ్యాక తవిటమ్మ వచ్చింది. కొంగుతో నా మీద దుమ్ము తుడిచింది. ఏడవలేదు. గుమ్మంలో నిలబడ్డ కరుణకుమారిని చూసి, ఆ రోజు అన్న మాటకు ఏమీ అనుకోవద్దని బతిమాలింది. కరుణకుమారి పెదవులు కదిలాయి. చెప్పేస్తుందేమోనని భయపడ్డాను, చెప్పాలనీ కోరుకున్నాను. ఏది మంచిదో నాకు తెలియలేదు, ఆమెకూ తెలియనట్టుంది.

తవిటమ్మ మొలలో దోపుకున్న తాళంచెవి తీసి చూపించింది.

“ఆయనకి రాసిపెట్టి నేదు, పోనీ. మావోల్లు ఇంకా సానామంది ఉన్నారు. నీలొచ్చిన దినం నాకు కబురెట్టు సిస్టరమ్మా. తాలం నానే వొచ్చి తీస్తాను.”

“అలాగే,” అంది కరుణకుమారి.