సముద్రం పక్క, కొండ పక్క

ఇనుము పోత పోసే మా ఫౌండ్రీలో ఎడమ, కుడి అనే మాటలు లేవు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ వాడరు, అంతే. క్రేన్ మీద కేబిన్‌లో కూర్చున్నవాడూ, కింద విజిల్ పట్టుకుని అతనికి దారి చెప్పేవాడూ ఎదురెదురుగా ఉంటారు. కిందవాడి ఎడమ పైవాడికి కుడి అవుతుంది. ఆ గోల లేకుండా పాతకాపులెవరో ఎప్పుడో సులువు మార్గం కనిపెట్టారు. షెడ్డుకి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క యారాడ కొండ. "సముద్రం పక్కకి", "కొండ పక్కకి" అంటే చాలు. మనిషి ఎటు తిరిగి నిలబడినా అవి రెండూ చోటు మారవు.

కింద విజిల్ నాది, పైన కేబిన్ దేవీప్రసాద్‌ది. పదమూడేళ్ళు కలిసి పనిచేశాం. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. నా పేరు శ్రీరామ్మూర్తి అని అతనికి గుర్తుందో లేదో కూడా నాకు అనుమానమే.

1998లో అతనికి విమానం పిచ్చి పట్టింది. వన్ టౌన్‌లో పాత పుస్తకాల కొట్టులో విమానం బొమ్మ ఉన్న ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు, పైలట్ తల బయటికి కనబడే గుంట, సైకిల్ చక్రాల్లాంటి చక్రాలు. ఎప్పటిదో యుద్ధకాలపు విమానం. నాలుగడుగుల రెక్కతో దాన్ని ఇంట్లోనే కట్టుకుని రిమోటుతో ఎగరేయడానికి ప్లాను అందులో ఉంది.

"నలబయ్యారేళ్ళొచ్చాయి, నీకీ ఆటేటి బావా?" అన్నాను.

"ఇరవయ్యేళ్ళు పైనుండి కిందకి సూసీనాను. ఓపాలి కిందనుండి పైకి సూడాలనుంది," అన్నాడు.

దూదిలా తేలికైన బాల్సా చెక్క కలకత్తా నుంచి తెప్పించాడు. ఓడ మీద పనిచేసే ఒకాయన సింగపూర్ నుంచి చిన్న ఇంజనూ, రిమోటూ తెచ్చిపెట్టాడు. పదకొండు నెలలు కట్టాడు. రెక్కలో ఒక్కో పక్కటెముకనీ బ్లేడుతో కోసి, ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దేవాడు. రెక్కల మీద కప్పడానికి పల్చటి పట్టుగుడ్డ కావాలంటే అతని భార్య రాధ తన పెళ్ళినాటి ఎర్రచీర ఇచ్చేసింది. "ఈ మనిషి ఒక వస్తువు కోసం ఇలా ఆశపడ్డం నాను సూళ్ళేదన్నయ్యా," అంది నాతో. గుడ్డ అతికించి, దాని మీద మందు పూస్తే ఆరేసరికి డప్పులా బిగిసింది.

రెండు రెక్కల మధ్య బిగించాల్సిన తీగల పని నూకాలుది. నూకాలు మా షాపులోనే, అంటే ఫౌండ్రీలోనే, హెల్పర్. క్రేన్ దించిన అచ్చుపెట్టెలకి గొలుసులు విప్పడం అతని డ్యూటీ. ముప్పై దాటిన మనిషి, జాలారిపేట వాడు. అన్నదమ్ములంతా ఇంకా వేటకెళ్తారు. ఇతనికి మాత్రం పడవెక్కితే వాంతులు. జాలరి ఇంట పుట్టి సముద్రం పడనివాడని మేమంతా ఏడిపించేవాళ్ళం. అతను వల అల్లే నైలాను దారంతో, వల ముళ్ళే వేసి, ఆ తీగలు బిగించాడు. వేలితో మీటితే మోగేవి.

1999 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్న ముగ్గురం దాన్ని గంగవరం దగ్గర ఇసక మైదానానికి పట్టుకెళ్ళాం. అక్కడా అంతే, ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ.

"బావా, షాపులో సెప్పినట్టు సెప్తుండు. సముద్రం పక్కకెల్తందా, కొండ పక్కకెల్తందా," అన్నాడు ప్రసాద్.

సరదాకి అంటున్నాడనుకున్నాను. నూకాలు విమానాన్ని పట్టుకుని పరిగెత్తి వదిలాడు. అది రెండు గంతులు వేసి లేచింది. ఆ ఎర్రచీర రెక్కల్లోంచి ఎండ కనబడింది. నేను నవ్వుతూ చెబుతూనే ఉన్నాను. "సముద్రం పక్కకెల్తంది... లేపు... ఇంక తిప్పు, కొండ పక్కకి..." నేను చెప్పినట్టల్లా తిరిగింది. నేనే ఎగరేస్తున్నంత సంబరంగా ఉంది. ఆ సంబరంలో చెప్పడం మర్చిపోయాను.

కాసేపటికి ఎందుకో ప్రసాద్ వైపు చూశాను. అతను తలెత్తి సముద్రం మీద ఆకాశంలోకి చూస్తున్నాడు. విమానం కొండ పక్కనుంది.

"ఏది బావా?" అన్నాడు. "మాటాడవేటి?"

అది తిరిగి మా మీదికే వస్తోంది. నా కుడిపక్క తాటిచెట్లున్నాయి. నాకు నోట మాట తడబడింది. "ఎడమకి, ఎడమకి" అని అరిచాను. పదమూడేళ్ళలో మొదటిసారి ఆ మాట వాడాను. ఎదురుగా వస్తున్న విమానానికి నా ఎడమ దాని కుడి. అతను దాని ఎడమకే తిప్పాడు. అది తిన్నగా వెళ్ళి తాటిచెట్టుకి కొట్టుకుంది.

ప్రసాద్ ఇసకలో గబగబా నడిచాడు. ఎర్రటి రెక్క పక్కనే బారెడు దూరంలో పడి ఉంటే దాన్ని దాటుకుని వెళ్ళిపోయాడు. "ఎక్కడ పడ్డాది బావా?" అంటున్నాడు. నేను వెళ్ళి భుజం పట్టుకుని ఆపాను. నూకాలు దూరంగా ఇంజను ఏరుకుంటున్నాడు.

"ఎన్నాళ్ళనుండి?" అన్నాను.

"రెండేళ్ళు. గొట్టంలోంచి సూసినట్టుంటాది. ఎదురుగా ఉన్నది బాగానే అవుపడతాది. పక్కలు నేవు. సీతమ్మధార డాక్టరు, పోయిన సూపు ఇంక రాదన్నాడు."

"మరి క్రేనెలా నడుపుతన్నావు?"

"నువ్వున్నావు కదేటి," అన్నాడు. "నీ గొంతుని బట్టి నడుపుతన్నాను. కేబిన్ దిగిపోతే నానింక దేనికీ పనికిరాను బావా. ఎవలికీ సెప్పకు."

అప్పుడు నేను కోప్పడవలసింది. క్రేన్ మోసే కరిగిన ఇనుము ఎవరి నెత్తిన పడితే ఏంటని నిలదీయవలసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు గర్వం కలిగింది. అంత పెద్ద క్రేన్ నా గొంతు మీద నడుస్తోందంటే నా ఛాతీ పొంగింది. "సరే, నానుండగా నీకేటీ అవదు," అన్నాను.

తిరిగొస్తుంటే నూకాలు నన్ను పక్కకి లాగాడు.

"పెసాద్ బాబుకి కళ్ళు అవుపడవేటండి?"

"ఎండ కళ్ళల్లో పడ్డాదిరా," అన్నాను.

"అదేనా," అని నూకాలు తేలిగ్గా నవ్వాడు. విరిగిన రెక్క ఇంటికి పట్టుకెళ్ళి బాగుచేస్తానని భుజాన వేసుకున్నాడు.

ఫిబ్రవరిలో సబ్బవరంలో మా చెల్లెలి గృహప్రవేశం వచ్చింది. ఆ రోజు నువ్వు కూడా సెలవు పెట్టు అని ప్రసాద్‌కి చెప్పాను. సెలవు ఇవ్వలేదు. కళ్ళ సంగతి చెబితే ఇచ్చేవారు. అది అతను చెప్పలేడు, నేను చెప్పలేదు. ఒక్క రోజే కదా అనుకున్నాం ఇద్దరం.

నా బదులు విజిల్ పట్టుకున్నవాడు వేరే ఊరి ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చాడు. సముద్రం పక్క, కొండ పక్క అతనికి తెలీదు. చేత్తో చక్కగానే చూపించాడట, నోటితో "లెఫ్ట్, లెఫ్ట్" అన్నాడట. ఆ చెయ్యి ఎవరికి కనబడుతుంది? ప్రసాద్ మాట విన్నాడు, తన ఎడమకి జరిపాడు. కొక్కేనికి వేలాడుతున్న అచ్చుపెట్టెకీ గోడకీ మధ్య నూకాలు ఉన్నాడు. నేను సబ్బవరంలో రెండోసారి పులిహోర వడ్డించుకుంటున్నప్పుడు కబురొచ్చింది.

విచారణలో ఒక్కొక్కరినీ అడిగారు. నన్నూ అడిగారు. "క్రేన్ ఆపరేటర్‌లో ఎప్పుడైనా ఏదైనా లోపం గమనించారా?"

ప్రసాద్ బల్లకి అటు పక్క కూర్చున్నాడు. నా గొంతు వినడానికి తల వంచి ఉన్నాడు.

"లేదండి," అన్నాను.

కొత్తవాణ్ణి పనిలోంచి తీసేశారు. ప్రసాద్ మళ్ళీ కేబిన్ ఎక్కలేదు. గుండె చెదిరిపోయిందని రాసిచ్చి మానేశాడు. అందరూ అయ్యో పాపం అన్నారు. మేమిద్దరం ఆ తరవాత మాట్లాడుకోలేదు.

నూకాలు పోయిన పదకొండో రోజున జాలారిపేట వెళ్ళాను. నూకాలు భార్య గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. లోపల గోడకి ఎర్రరెక్క వేలాడుతోంది. చిరిగిన చోటల్లా వల దారంతో కుట్టి ఉంది. విరిగిన పక్కటెముకలకి సన్నటి వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. ఎంతో ఓపిగ్గా చేశాడు.

గంగాలమ్మ లేచి వెళ్ళి ఆ రెక్క దించింది. దాంతోపాటు పక్క మేకుకి తగిలించిన కవరొకటి తెచ్చింది. అందులో నల్లద్దాలున్నాయి. కొత్తవి, ఇంకా చీటీ కూడా తీయలేదు.

"మావ వన్ టౌనెల్లి కొన్నాడండి," అంది. "మల్లీ ఇమానం ఎగరేసినప్పుడు పెసాద్ బాబుకి కళ్ళల్లో ఎండ పడకూడదని. మీరే సెప్పారంట కదా, ఎండ వల్లే పడిపోనాదని. పాపం బాబుకి ఇచ్చీండి."

నోటిదాకా వచ్చింది. ఎండ కాదమ్మా అని రెండు మాటలు. ఆవిడ నా మొహంలోకి ఎంతో నమ్మకంగా చూస్తోంది.

"అలాగేనమ్మా, ఇస్తాను," అన్నాను.