చంద్రమ్మ ఏరిన తంగేడు

మాదాపూర్ గుట్ట తన గది పక్కనే ఉంది కదా అని సంయుక్త దాన్ని చివరికి అట్టేపెట్టుకుంది. అమలాపురం నుంచి పరిశోధనకని హైదరాబాదు వచ్చిన పిల్ల. మూడు గుట్టల మీద తమంతట తాము మొలిచిన తంగేడు చెట్లు పైకి ఒకేలా ఉన్నా, లోపలి జన్యువులు ఒకటేనా, వేరా అని తేల్చడం ఆమె పని. బాచుపల్లి, హఫీజ్‌పేట్ ఆకులు బస్సుల్లో వేలాడి మరీ తెచ్చుకుంది. గది పక్క గుట్ట ఎక్కడికి పోతుందిలే అనుకుంది.

గుట్ట పోయింది. తొంభై ఎనిమిదిలో మాదాపూర్‌లో గుట్టలు అలాగే పోయేవి. సంచీ పట్టుకుని వెళ్లేసరికి పొక్లెయిన్ అంతా చదును చేసేసింది, కంప్యూటర్ల భవనం వస్తోందని బోర్డు కూడా పెట్టారు. మూడేళ్ల చదువు మట్టిపాలైందని సంయుక్త అక్కడే కూర్చుని భోరుమంది.

"ఏంది బిడ్డా, తంగేడు కోసం ఏడుస్తున్నవా?" అంది అక్కడ కూలి చేసే చంద్రమ్మ. "మిషన్ రాకముందే పూలు తెంపిన. చెట్టుకు ఒక్కటే తెంపుతం మేం. బతుకమ్మల పేర్చిన. హఫీజ్‌పేట నుంచి మా ఆడిబిడ్డ తెచ్చినయి గూడ అండ్లనే ఉన్నయి."

పువ్వులోనూ జన్యువులుంటాయి. సంయుక్త ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం చంద్రమ్మ వెంట బతుకమ్మ ఆట దగ్గరికి వెళ్లి పూల మీద చెయ్యి పెట్టబోతే ఆడవాళ్లు కసిరారు, నీళ్లలో వదిలేదాకా ముట్టకూడదట. చేసేది లేక తనూ చప్పట్లు కొడుతూ తిరిగింది. అందరూ కుడికి వంగితే ఈవిడ ఎడమకి వంగింది. చెరువులో బతుకమ్మను వదలడమే తడవు, చెప్పులతో సహా నడుంలోతు నీళ్లలోకి దిగిపోయి పూలు దేవింది. పిల్లకి ఎంత భక్తో అని అందరూ మురిసిపోయారు.

గట్టు మీద చంద్రమ్మ తడిపూలు ఏరింది. "గిది మన గుట్టది. గిది హఫీజ్‌పేటది."

"ఎలా తెలుస్తోందండీ?"

"సూస్తె తెల్వదా?"

అలా నలభై పూలు. సంయుక్త నమ్మలేదు. అయినా వేరే దారి లేక అన్నీ నోటుబుక్కులో రాసుకుని, సీసాల్లో వేసి చీటీలు అంటించింది.

ముందే తెచ్చుకున్న హఫీజ్‌పేట్ ఆకులతో పూలను పోల్చిన లాబ్ ఫలితం మూడు నెలలకు వచ్చింది. ముప్పై తొమ్మిది పూలు చంద్రమ్మ చెప్పినట్టే. ఒక్కటి తప్పు. ఆ సంగతి మెత్తగా చెబుదామని వెళితే, చంద్రమ్మ తలమీది ఇటుకలు దించి, "గా ఒక్కదాన్ని జర మల్ల సూస్కో" అంది.

సంయుక్త ఒళ్లు మండుతున్నా వెళ్లి మళ్లీ చూసింది. నోటుబుక్కులో మాదాపూర్ అనే ఉంది. సీసా మీద మాత్రం, తన చేతిరాతలోనే, హఫీజ్‌పేట్.

సిగ్గుతో చచ్చిపోయింది. థీసిస్‌లో, పూలను ఏ పద్ధతిన వేరుచేశారు అన్నచోట చంద్రమ్మ పేరు రాసింది. గైడు భీమేశ్వరరావు గారు కొట్టేశారు. ఆమె మళ్లీ రాసింది.