సరుగుడు మసి

2024 మే 30, గురువారం, ఉదయం ఏడు గంటలు. ముత్తుకూరులో మా ఇంటి కింది వాటా వంటగది. అక్కడ ఉన్నవాళ్ళం ముగ్గురం: పదకొండేళ్ళుగా ఆ వాటాలో అద్దెకుండి మర్నాడు ఖాళీ చేయబోతున్న ముంతాజ్ బేగం, ఆమె కూతురు షబానా, పై వాటాలో పుస్తకాలతో ఒంటరిగా ఉండే ఇంటి యజమాని ఆనందబాబు అనే నేను.

ఆ రోజు నేనొక కాగితం రాసి ఇవ్వవలసి ఉంది. షబానాకు వెంకటాచలంలో ల్యాబులో ఉద్యోగం వచ్చింది. తల్లీకూతుళ్ళు అక్కడికి మారుతున్నారు. ముంతాజ్ బేగం ఓడరేవు పనివాళ్ళకు క్యారియర్లు కట్టి బతికే మనిషి. రోజూ ఇరవై మందికి వంట. అక్కడ చూసుకున్న ఇంటాయన ఆ సంగతి విని వెనకాడాడట. అంతంత వంట చేస్తే గోడలు నల్లబడతాయని ఆయన భయం. వంటగదిని శుభ్రంగా ఉంచుకున్నారని పాత ఓనరు చేత రాయించి తెస్తేనే తాళం ఇస్తానన్నాడట. అంత వంటకు ఒప్పుకునే ఇల్లు రెండు నెలలు తిరిగితే వాళ్ళకు దొరికింది అదొక్కటే. అది పోతే కూతురికి ఉద్యోగం ఒక ఊళ్ళో, తల్లికి బతుకు ఇంకో ఊళ్ళో.

ముందురోజు ఆమె కాగితం అడిగినప్పుడు నేను రాయలేకపోయాను. నేను ఆ వంటగదిలోకి వెళ్ళి ఏళ్ళయింది. వెళ్ళి చూస్తే పొయ్యి పైన గోడమీద మూరెడు వెడల్పున నల్లటి చార. దాన్ని చూసి కూడా శుభ్రం అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె నొచ్చుకున్నట్టు కనబడలేదు. రేపు పొద్దున్నే కడుగుతాం, కడిగినాక చూసి రాయమంది. నేనూ వచ్చి ఒక చెయ్యి వేస్తానన్నాను.

వేడినీళ్ళలో చాకలిసోడా కలిపి ఆమె పైనుంచి మొదలుపెట్టించింది. కింద ముందు కడిగితే పైనుంచి కారే మురికికి మళ్ళీ కడగాల్సి వస్తుందని ఆమె పద్ధతి. మోకాళ్ళ నొప్పితో తాను స్టూలెక్కలేక, షబానాను ఎక్కించి ఎగ్జాస్టు ఫ్యాను రెక్కలు విప్పించింది. అవి బకెట్లో నానుతుండగా అలమర అరలు తోమారు. కడప బండ గట్టును కొబ్బరిపీచుతో రుద్దారు. నాకు కిటికీ ఊచలు అప్పగించారు.

"ఈ అంకుల్‌తో కష్టం అమ్మీ," అంది షబానా. "ఒక్కో ఊచకీ ముందు పేజీ, వెనక పేజీ చూస్తాండాడు. ఈ లెక్కన సంతకం అయ్యేతలికి రంజాన్ వచ్చేస్తాది."

ఊచలు ముగించి నేను గోడ దగ్గరికి వెళ్ళాను. దాన్ని తాను చూసుకుంటానని ముంతాజ్ బేగం రెండుసార్లు వారించింది. నేను వినలేదు. సోడానీళ్ళతో తుడిస్తే గుడ్డకు కాస్త పసుపు జిడ్డు అంటింది. నలుపు మాత్రం కదల్లేదు. పెయింటర్లు వాడే రేకుతో గీరాను. అరచేయంత పెచ్చు ఊడి చేతిలో పడింది.

దాన్ని వెలుతురుకు పట్టి అంచు చూశాను. సున్నం పొర మీద పొర. గోటితో విడదీస్తూ లెక్కపెట్టాను, పదకొండు ఉన్నాయి. నేను వేయించినది ఒక్కటే పూత, వాళ్ళు చేరకముందు. అట్టడుగు పొర వెనక నలుపు. వేలితో రాస్తే పొడిగా, మెత్తగా రాలింది. గ్యాసు పొయ్యికి పట్టేది జిడ్డు, ఇది మసి. కట్టెల మసి.

ఆ వంటగదిలో కట్టెల పొయ్యి మీద వండింది మా అమ్మ ఎలిశబెతు ఒక్కతే. గ్యాసు వద్దని, చివరిదాకా సరుగుడు కట్టెలే కాల్చింది. ఆమె పోయాక, గోడ కడిగి సున్నం వేయాలా అని పనివాడు అడిగితే కడగవద్దన్నాను. కడిగించే ధైర్యం నాకు లేకపోయింది. మసి మీద వేసిన సున్నం ఎన్నాళ్ళు నిలుస్తుంది? చెమ్మ తగిలినప్పుడల్లా నలుపు పైకి వస్తుంది.

మిగిలిన పది పూతలు ఎవరు వేశారని అడిగాను.

"ఇంకెవరు?" అంది షబానా. "నవంబరు వానలు పోయినాక ఏటా ఈమెకదే పండగ. పోయినేడు మోకాళ్ళు పట్టేసి స్టూలెక్కలేదు. నేను పూస్తానంటే నాకు చేతగాదంట."

"మీకు తెలుసా ఇది?" అని నేను ముంతాజ్ బేగంను అడిగాను.

ఆమె పీచు పక్కన పెట్టింది. "మొదటి వానలకే తెలిసిందన్నా. గ్యాసుకు ఇంత మసి యాడినుంచి వస్తాది?"

"మరి నాకెందుకు చెప్పలేదు? నిన్న నేను అంత మాట అన్నప్పుడైనా?"

"మేం చేరిన రోజు మీరు తాళం చేతికిచ్చి గడప బయటే నిలబడిపోయినారు. లోపలికి రండన్నా అంటే రాలేదు. అమ్మగారు పోయి అప్పటికి నలభై రోజులన్నా కాలేదంట. ఆమె మసి కడగండి అని మీతో ఎట్టా చెప్పేది? మీరు చెప్పకుండా నేనెట్టా కడిగేది? అందుకనే పూసుకుంటా వచ్చినా."

ఆమె గుడ్డ పిండి నా చేతిలో పెట్టి, ఈ ముక్క మీరే కడగాలన్నా అంది.

సున్నమంతా గీరి మసిని తడిగుడ్డతో తుడిచాను. తడి తగలగానే సరుగుడు పొగ వాసన లేచింది. చిన్నప్పుడు మధ్యాహ్నం నేను బడినుంచి వచ్చేసరికి ఇల్లంతా ఉండే వాసన. నేను ఆగినప్పుడు వాళ్ళు తొందరపెట్టలేదు. ముంతాజ్ బేగం రెండుసార్లు బకెట్ నీళ్ళు మార్చి తెచ్చింది. మూడోసారికి నీళ్ళు తేటగా ఉన్నాయి. గోడ సిమెంటు రంగులో బయటపడింది.

గట్టు ఆరాక దానిమీదే కాగితం పెట్టుకుని రాశాను. పదకొండేళ్ళు రోజూ ఇరవై మందికి వండినా ఈ వంటగదికి ఆమె వల్ల ఒక్క మరక అంటలేదని, ఉన్న ఒక్క నలుపూ మా అమ్మగారి కట్టెల పొయ్యిదని, ముంతాజ్ బేగం దాన్ని కూడా ఏటేటా తన చేత్తో తెల్లగా ఉంచిందని. షబానా పైకి చదివింది. తల్లి మధ్యలోనే ఆపింది.

"అమ్మగారి మాట తీసెయ్యండన్నా. ఎవరో ముక్కూమొహం తెలీనాయన, ఆయన చేతిలో ఆమె పేరెందుకు? ఆమె మసి అనబాకండి."

"మరేమని రాయను? నిజం రాయాలి కదమ్మా."

"కడక్కుండా సున్నం కొట్టించింది మీరే గదా. ఆ ముక్క రాయండి, అదీ నిజమే."

షబానా నవ్వు ఆపుకోలేక ఫ్యాను రెక్కల బకెట్ తీసుకుని బయటికి వెళ్ళింది. నేను ఇంకో కాగితం తీసి మొదటినుంచి రాశాను. పదకొండేళ్ళూ వంటగదిని శుభ్రంగా ఉంచుకున్నారని, గోడ కడిగించకుండా పూత వేయించడం యజమాని నిర్లక్ష్యమని, అద్దెకున్నవారి తప్పు ఏమాత్రం లేదని. కింద సంతకం పెట్టి తేదీ వేశాను.

ముంతాజ్ బేగం తడిచేతులు పైటకు తుడుచుకుని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. తోమి ఎండబెట్టిన క్యారియర్లలో ఒకటి తీసి, పై గిన్నెలో దాన్ని ఉంచి, మూతపెట్టి గడియ బిగించింది.