వీరేందర్ చెయ్యబోయిన రెండో కోర్సు

వీరేందర్ ఫోన్ చేసేసరికి అనూష బడి కొలువు నుంచి వచ్చి జొన్నరొట్టెల పిండి కలుపుతోంది. చేతులు ఖాళీ లేక మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"అనూ, అయింది! కోత మిషన్ లోన్ ఓకే అయిందట. ఇప్పుడే కోదాడ ఆఫీసోళ్ళు ఫోన్ చేసిన్రు!"

ఆమె కెవ్వుమంది. గోడ అవతల నుంచి పక్కింటి లక్ష్మీనర్సమ్మ గొంతు వినిపించింది. "ఏమైందే పిల్లా, తేలు గిట్ల కుట్టిందా?"

"లేదు పెద్దమ్మా, మా ఆయన ఇంటికొస్తుండు!"

సూర్యాపేటలో పెళ్ళయిన కొత్తలో కిరాయికి తీసుకున్న గది అది. అందులో వీరేందర్ ఉన్నది తక్కువ, ఉన్నట్టు అనూష ఊహించుకున్నది ఎక్కువ. అతను మిర్యాలగూడ దిక్కున ఎవరిదో వరికోత మిషన్ నడుపుతూ అక్కడే ఉంటున్నాడు. సొంత మిషన్ వస్తే మోతె, నడిగూడెం పొలాలు కోసుకుంటూ పొద్దుగూకేసరికి ఇల్లు చేరొచ్చు. అందాకా ఆమె అతని నీలం చొక్కాను ఊరికే ఉతికి, ఊరికే ఇస్త్రీ చేసి, తలుపు వెనక తగిలించేది. మాయని చొక్కాను ఉతకడంలో ఎంత సంతోషం ఉంటుందో పెళ్ళయ్యాకే తెలిసింది.

"గని ఒక్క పరేషాన్ ఉంది," అన్నాడు వీరేందర్, గొంతు తగ్గించి. "మళ్ళ కోర్స్ చెయ్యాల్నట."

"ఏం కోర్స్?"

"డ్రైవింగుదే. నిరుడు చేసిన గద. ఇప్పుడు రీ కోర్స్ అట. విత్ రీ కోర్స్ అని సారు గట్టిగ చెప్పిండు. చేస్త సార్ అన్న. ఇంకో నెల అటే పోతదేమో."

ఇంకో నెల. అనూష పిండిచేతులతోనే గోడకు జారగిలబడింది. తలుపు వెనక చొక్కా గాలికి కొంచెం కదిలింది. అందులో మనిషి ఉంటే ఎంత బాగుండు!

"వాళ్ళు పంపిన కాగితం ఫొటో పెట్టు," అంది.

చేతులు తుడుచుకుని చదివింది. చదివి పొట్ట పట్టుకుని నవ్వింది.

"నీ మొహం! రీ కోర్స్ కాదు, రికోర్స్. రెండు ముక్కలు కాదు, ఒకటే మాట. నేను బీకాంల చదివిన."

"అంటే ఏంది?"

"మనం కిస్తులు కట్టకపోతే మిషన్ గుంజుకపోయి అమ్ముకుంటరు. అమ్మినా బాకీ తీరకపోతే మిగిలినదానికి మళ్ళ మన మీదికి రావచ్చు. గదే రికోర్స్. అది లేకుంటే మిషన్‌తోనే ఖతం."

"ఓస్, గంతేనా! కోర్స్ లేదు గద. చాలు!"

"ఆగు." ఆమె చూపు కింది వరుస దగ్గర ఆగింది. జమానతు: ధర్మా. ఆమె నాన్న. అప్పుకు హామీ ఉండమని బిడ్డ అడిగితే ఒక్క ప్రశ్న వెయ్యకుండా ఒప్పుకున్నాడు. నడిగూడెం దగ్గరి మెట్టచెలక తప్ప ఆయనకు ఇంకేం లేదు.

"మన మీదికే కాదు. బాపు మీదికి గూడ వస్తరు."

ఏమైతే అయింది, నువ్వు వచ్చెయ్, అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. పంటి బిగువున ఆపుకుంది.

"వద్దందామా మరి?" అన్నాడు అతను మెల్లగా. "ఇంకో రెండు సీజన్లు గీడ్నే చేస్త."

"రెండు సీజన్లా? నీకేమైనా పిచ్చా? బాపు పేరు తీసెయ్యమందాం. ఆ జాగల నా పేరు రాయమందాం. వస్తే నీ మీదికి రావాలె, నా మీదికి రావాలె."

"నీ బడి జీతం సూసి నవ్వుతరే."

"నవ్వనీ. చాలదంటే పాత మిషన్ అడుగుదాం, చిన్న లోన్ తీసుకుందాం. నువ్వయితే రావాలె."

వీరేందర్ గొంతులో దొంగనవ్వు పలికింది. "అయితే సంతకాలకు ఇద్దరం పోవాల్నేమో?"

"పోవాల్సిందే. రేపు బడికి సెలవు పెడుతున్న. పొద్దుగాల బస్సుకు నేను కోదాడల దిగుత, నువ్వు అటు నుంచి రా. ముందుగాల పక్కపక్కన కూసోని దోశె తిందాం. ఆ తర్వాతనే ఆఫీసు."